మీరు ఎవరివారు?

సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సు కోసం ఓ పావుగంట కూర్చుంటే చాలు, పక్కన కూర్చున్న పెద్దవ్వ మూడు ప్రశ్నలు అడుగుతుంది. ‘ఏ ఊరు బిడ్డా?’ అన్నది మొదటిది. ‘ఎవరోళ్ల పిల్లవు?’ అన్నది రెండోది. మూడోది కాస్త గొంతు తగ్గించి అడుగుతుంది: ‘మీరేమోళ్లు?’ ఊరి పేరు, తండ్రి పేరు, కులం పేరు చెబితే ఆమె లెక్కలో మనిషి చిరునామా పూర్తయినట్టే. ఎక్కడ కూర్చోబెట్టాలో, ఎంత మర్యాద ఇవ్వాలో, ఏ గ్లాసులో నీళ్లు పోయాలో ఒకప్పుడు ఈ మూడు జవాబులే తేల్చేవి. కొన్ని చోట్ల ఇప్పటికీ అవే తేలుస్తున్నాయి.

ఆ పెద్దవ్వ అడిగిన రెండో ప్రశ్నను బైబిల్లో దావీదు కూడా అడిగాడు. అమాలేకీయులు సిక్లగు పట్టణాన్ని తగలబెట్టి ఆడవాళ్లను, పిల్లలను చెరపట్టుకుపోయారు. దావీదు మనుషులు వాళ్లను తరుముతూ వెళ్తుంటే పొలంలో ఒక ఐగుప్తు యువకుడు పడి ఉన్నాడు. మూడు రాత్రింబగళ్లు అతనికి తిండి లేదు, నీళ్లు లేవు. వాళ్లు ముందు రొట్టె పెట్టారు, నీళ్లు తాగించారు, అంజూరపు పండ్లు, ఎండు ద్రాక్షలు ఇచ్చారు. అతనికి ప్రాణం లేచి వచ్చాక దావీదు అడిగాడు: నువ్వు ఎవరివాడివి? ఎక్కణ్నుంచి వచ్చావు? తాను ఒక అమాలేకీయుడి దాసుణ్ననీ, మూడు రోజుల కిందట జబ్బు చేస్తే యజమాని వదిలేసి పోయాడనీ ఆ యువకుడు చెప్పాడు (1 సమూయేలు 30:11-13).

ఈ చిన్న సంఘటనలో ఒక పెద్ద సత్యం ఉంది. ఒంట్లో సత్తువ ఉన్నంతవరకు ‘నువ్వు నావాడివి’ అని, జబ్బు పడగానే పొలంలో వదిలేసి పోయే యజమానులు ఈ లోకంలో చాలామంది ఉన్నారు. డబ్బు అలాంటి యజమానే. మందు అలాంటి యజమానే. ఎన్నికలప్పుడు భుజం మీద చెయ్యి వేసే పార్టీ కూడా అంతే. దావీదు అలా చెయ్యలేదు. అతను ఎవరివాడో తెలుసుకోకముందే రొట్టె పెట్టాడు. యేసుప్రభువు పద్ధతి కూడా ఇదే. మన ఊరు, మన తండ్రి, మన కులం తెలుసుకుని ఆయన మనకోసం సిలువ మోయలేదు. మనం ఇంకా పాపులుగా ఉన్నప్పుడే ఆయన మన కోసం చనిపోయాడని పౌలు రోమీయులకు రాశాడు (రోమా 5:8). ఆ ఐగుప్తు యువకుడు తర్వాత కోరాడు, తనను మళ్లీ ఆ పాత యజమాని చేతికి అప్పగించొద్దని. రక్షణ పొందిన ప్రతి విశ్వాసి గుండెలోనూ ఉండాల్సిన ప్రార్థన అది.

ముందు ఎవరివాడు, తర్వాత ఎవరిని సేవిస్తాడు

‘నేను క్రైస్తవుణ్ని’ అని చెప్పడం సులువు. ఆ మాటకు అర్థం ఏమిటో అపొస్తలుడైన పౌలు ఒక తుపానులో చెప్పాడు. రోమాకు ఖైదీగా వెళ్తున్న ఆ ఓడలో 276 మంది ఉన్నారు. చాలా రోజులుగా సూర్యుడు లేడు, నక్షత్రాలు లేవు. సరుకు సముద్రంలో పారేశారు, బతుకుతామన్న ఆశ కూడా పోయింది. అప్పుడు పౌలు లేచి నిలబడి, తాను ఏ దేవునికి చెందినవాడో, ఏ దేవుణ్ని సేవిస్తున్నాడో ఆ దేవుని దూత ఆ రాత్రి తన పక్కన నిలబడ్డాడని అందరికీ చెప్పాడు (అపొస్తలుల కార్యములు 27:23).

ఆ మాటల వరుస గమనించండి. చెందడం ముందు, సేవించడం తర్వాత. మనలో చాలామంది దీన్ని తలకిందులు చేసుకున్నాం. ఉపవాసాలు చేస్తే, కానుకలు ఇస్తే, సభలకు కుర్చీలు మోస్తే ఎప్పటికైనా దేవుడు మనల్ని తనవాళ్లుగా లెక్కిస్తాడని అనుకుంటాం. అది కూలివాడి ఆలోచన, కొడుకు ఆలోచన కాదు. కూలి ఇవాళ్టి పని చూపించి ఇవాళ్టి డబ్బు అడుగుతాడు. కొడుకు ముందు ఇంటివాడు, ఆ తర్వాతే పొలంలోకి దిగుతాడు.

మన ప్రాంతంవారికి ఇది అర్థం కావడానికి నాగార్జునసాగర్ ఎడమ కాలువను మించిన ఉదాహరణ అక్కర్లేదు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. అంతకు ముందు వానను, చెరువును నమ్ముకుని బతికిన మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు ఆ తర్వాత వరి మాగాణులయ్యాయి. పొలం పచ్చగా ఉందని కాలువ రాలేదు, కాలువ వచ్చాకే పొలం పచ్చబడింది. దేవుని కృప కూడా అంతే. మన మంచితనం చూసి అది మన దగ్గరికి రాలేదు.

అయితే కాలువ గట్టున పొలం ఉండి కూడా దున్నని రైతును ఏమంటాం? నీళ్లు తూము దాకా వచ్చి, మడికి మాత్రం ఎక్కకుండా పక్కనుంచి పారిపోతుంటే ఆ నీళ్లది తప్పా? యేసుకు చెందడం అంటే కాలువ కింద పొలం కావడం. యేసును వెంబడించడం అంటే ఆ నీళ్లకు మడి కట్టడం, నారు పోయడం, కలుపు తీయడం. మొదటిది ఆయన చేసిన పని. రెండోది రోజూ మనం చెయ్యాల్సిన పని. తనను వెంబడించాలనుకునేవాడు తన్ను తాను కాదనుకుని, రోజూ తన సిలువ ఎత్తుకుని రావాలని ప్రభువు చెప్పినప్పుడు (లూకా 9:23) ‘రోజూ’ అన్న మాట ఊరికే వాడలేదు.

మిషనోళ్లు ఎవరివాళ్లు?

నైజాం కాలంలో నల్లగొండ ప్రాంతానికి సువార్త వచ్చిన తీరు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ఇప్పటి ఉక్రెయిన్, అప్పటి దక్షిణ రష్యా గోధుమ పొలాల మధ్య బతికిన మెన్నొనైట్ బ్రదరెన్ విశ్వాసులు తమలోంచి అబ్రహాం ఫ్రీజన్, మరియ దంపతులను 1889లో ఇక్కడికి పంపారు. వాళ్లు అమెరికన్ బాప్టిస్ట్ మిషన్‌తో కలిసి 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టారు. ఆ తర్వాత అదే దేశం నుంచి మరికొందరు వచ్చారు. అబ్రహాం హ్యూబర్ట్ దంపతులు సూర్యాపేటలో సేవ చేశారు. తెలుగు ఒక్క ముక్క రాని ఈ రైతుబిడ్డలు మన భాష నేర్చుకుని, ఎడ్లబండ్ల మీద పల్లెలకు తిరిగి, బడులు, వైద్యశాలలు పెట్టారు.

వాళ్ల దగ్గర బాప్తిస్మం తీసుకున్నవాళ్లను ఊళ్లో ‘మిషనోళ్లు’ అన్నారు. ఆ పేరులో కొంచెం వెటకారం ఉంది, కొంచెం నిజం కూడా ఉంది. దొరగారి బడి, దొరగారి మందు, పటేలు కొడితే దొరగారి సిఫారసు. మాల, మాదిగ వాడల్లో తరతరాలుగా వెట్టిచాకిరీ చేసినవాళ్లకు అవి చిన్న విషయాలు కావు. వాటిని ఆశించినందుకు వాళ్లను తప్పుపట్టే హక్కు కడుపు నిండినవాళ్లకు లేదు.

కానీ 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1917లో రష్యాలో విప్లవం వచ్చింది. గోధుమ పొలాల నుంచి వచ్చే కానుకలు ఆగిపోయాయి. పంపిన సంఘాలే చెల్లాచెదురయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చాక కాలక్రమేణా అమెరికా మిషనరీలు కూడా వెళ్లిపోయారు. బంగళాలు పాతబడ్డాయి, గేట్లు తుప్పుపట్టాయి. అయినా ఇక్కడ ఆదివారం గంట ఆగలేదు. మిషన్‌కు చెందిన వస్తువులు మిషన్‌తోపాటే పాడయ్యాయి. క్రీస్తుకు చెందిన మనుషులు మిగిలారు. ఎవరివాళ్లమన్నది మనకు దొరికినన్నాళ్లూ తెలియదు, దొరకడం మానేసిన రోజు తెలుస్తుంది.

ఒంగోలులో సేవచేసిన జాన్ ఎవరెట్ క్లౌ ఈ సంగతి బాగా ఎరిగినవాడు. 1876-78 నాటి మహా కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి, తిండి దొరికేలా చేశాడు. ఆ రోజుల్లో జనం గుంపులు గుంపులుగా వచ్చి బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చారా, ప్రభువు కోసం వచ్చారా అన్నది తేలాలంటే ముందు గింజలు ఆగాలని ఆయన ఉద్దేశం. సాయం ఆగాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు బాప్టిస్టు సంఘాల చరిత్రలో ఆ అంకెను అందరూ గుర్తుపెట్టుకుంటారు. దాని ముందు ఆయన పాటించిన ఆ నిరీక్షణను మాత్రం చాలామంది మరచిపోతారు.

ఇవాళ స్వస్థత కోసం, వీసా కోసం, ఉద్యోగం కోసం ప్రార్థన చేయించుకోవడానికి వచ్చేవాళ్లతో మన ప్రార్థన మందిరాలు నిండుతున్నాయి. రావడం తప్పు కాదు. దావీదు కూడా ముందు రొట్టే పెట్టాడు. కానీ రొట్టె తిన్నాక ‘నువ్వు ఎవరివాడివి?’ అన్న ప్రశ్న అడిగేవాళ్లు ఉండాలి. అది అడగని సంఘంలో జనం పెరుగుతారు, శిష్యులు పెరగరు.

మూడో ప్రశ్నకు మన జవాబు

క్లౌ జీవితంలోనే మరో సంఘటన ఉంది. ఆయన 1866లో ఒంగోలు వచ్చిన కొత్తలో పట్టణంలోని అగ్రకులాలవారు కొందరు ఆయన మాటలు ఆసక్తిగా వినేవారు. అదే సమయంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి విశ్వాసిగా మారి, తనవాళ్ల మధ్య సువార్త చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్లను చేర్చుకుంటే తాము రామని పెద్ద కులాలవారు తేల్చి చెప్పారు. క్లౌ దంపతులిద్దరూ ఏం చెయ్యాలో తోచక విడివిడిగా బైబిలు తెరిచారనీ, ఇద్దరికీ ఒకే భాగం కనిపించిందనీ ఆయన ఆత్మకథ చెబుతుంది. లోకం లెక్కలో బలహీనులను, నీచులుగా ఎంచబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న 1 కొరింథీ 1వ అధ్యాయం అది. పట్టణపు పెద్దలు వెళ్లిపోయారు, మాదిగవాడ వచ్చి చేరింది.

ఈ సంఘటనను మనం వార్షికోత్సవాల్లో గొప్పగా చెప్పుకుంటాం. మరి ఇవాళ మన ఇళ్లలో పెళ్లి మాట వచ్చినప్పుడు ఏం జరుగుతోంది? ‘రక్షణ పొందిన అమ్మాయి కావాలి’ అని మొదలైన మాట, రెండో నిమిషంలో ‘మనోళ్లే అయితే మంచిది’ అన్నదగ్గర ఆగుతుంది. మాల సంఘం వేరు, మాదిగ సంఘం వేరు. రెడ్డి క్రైస్తవులు వేరు, కమ్మ క్రైస్తవులు వేరు. ప్రభు బల్ల దగ్గర ఒకే రొట్టె విరిచినవాళ్లం పెళ్లి భోజనాల దగ్గర విడిపోతున్నాం. క్రీస్తులోకి బాప్తిస్మం పొందినవాళ్లలో యూదుడని, గ్రీసు దేశస్థుడని, దాసుడని, స్వతంత్రుడని తేడా లేదని పౌలు రాసిన గలతీ పత్రిక మన బైబిళ్లలో ఉంది. మన పెళ్లి సంబంధాల కాగితాల్లో మాత్రం లేదు.

ఈ మాట మిర్యాలగూడ పేరు తలచుకున్నప్పుడు మరింత బరువెక్కుతుంది. 2018 సెప్టెంబర్ 14న ఆ పట్టణంలో ఒక ఆసుపత్రి నుంచి గర్భిణి అయిన భార్యతో కలిసి బయటికి వస్తున్న యువకుణ్ని పట్టపగలే నరికి చంపారు. అతను దళిత క్రైస్తవ కుటుంబానికి చెందినవాడు. కులం దాటి పెళ్లి చేసుకోవడమే అతని నేరం. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానం ఆ కేసులో ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. చట్టం తన పని చేసింది. కానీ ఆ హత్యను ఖండిస్తూ కొవ్వొత్తులు పట్టుకుని నడిచిన మనం, మన ఇంటి గడప లోపల అదే కులాన్ని మెత్తగా, మర్యాదగా పెంచుతున్నామా లేదా అని అడుగుకోవాలి. కత్తి పట్టినవాడికీ, ‘మనోళ్లు కాదు’ అని సంబంధం వదులుకున్నవాడికీ మధ్య దూరం చాలా ఉంది. కానీ దారి ఒకటే. ఆ దారిలో ఒక్క అడుగు వేసినా అది యేసు వెంట వేసిన అడుగు కాదు.

రెండు పేర్లు

ఇక మనవాళ్లు ఎవరూ గట్టిగా మాట్లాడని విషయం ఒకటుంది. మన సంఘాల్లో చాలామందికి రెండు పేర్లు ఉంటాయి. బడి రిజిస్టరులో ఒకటి, చర్చి రిజిస్టరులో ఇంకొకటి. ఆదివారం ఆమె మరియమ్మ, ఆఫీసు కాగితాల్లో ఇంకో పేరు. దీని వెనుక ఉన్న కారణం అందరికీ తెలుసు. 1950 నాటి రాజ్యాంగ షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం మొదట హిందువులకు మాత్రమే ఎస్సీ హోదా ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవులుగా మారిన ఎస్సీలకు బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్ మాత్రమే ఉంది. దీన్ని మార్చాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. ఈ ప్రశ్నను పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. మరోవైపు, క్రైస్తవ విశ్వాసాన్ని పాటిస్తూ రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం చెల్లదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పు చెప్పింది.

మతం మారినంత మాత్రాన ఊళ్లో కులం పోలేదు, వెలి పోలేదు, పేదరికం పోలేదు. అలాంటప్పుడు హక్కు ఎందుకు పోవాలన్న ప్రశ్న న్యాయమైనది. దాన్ని చట్టబద్ధంగా అడగడం, పోరాడడం విశ్వాసానికి విరోధం కాదు. పౌలు కూడా అవసరమైనప్పుడు తన రోమా పౌరసత్వాన్ని గుర్తుచేశాడు (అపొస్తలుల కార్యములు 22:25).

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఇంటర్ పాసైన ఒక పేద పిల్లవాడి చేతిలో దరఖాస్తు ఉంది. మతం అన్న గడిలో నిజం రాస్తే సీటు పోతుంది, ఫీజు రాయితీ పోతుంది. అబద్ధం రాస్తే మనస్సాక్షి గుచ్చుతుంది. ఆ పిల్లవాడికి వేదిక మీద నుంచి ‘సిలువ ఎత్తుకో’ అని చెప్పడం చాలా తేలిక. చెప్పేవారి పిల్లలు చాలాసార్లు కార్పొరేట్ కాలేజీలో చదువుతుంటారు. సిలువ ఎత్తుకొమ్మని చెప్పినవాళ్లు దాని రెండో కొన కూడా పట్టుకోవాలి. ప్రభువు సిలువ మోస్తున్నప్పుడు కురేనీయుడైన సీమోను వెనకనుంచి దాన్ని మోశాడు కదా.

మూడు రోజుల సభలకు వేసే ఫ్లెక్సీలు, మైక్ సెట్లు, లైటింగ్ ఖర్చు ఒక్కసారి లెక్క వేసి చూడండి. అందులో సగంతో సత్యం రాసినందుకు సీటు పోగొట్టుకున్న ఒక పిల్లవాడి ఫీజు కట్టగలిగితే, ఆ సంఘం ఎవరిదో ఊరంతటికీ తెలుస్తుంది. ఆదిమ సంఘంలో ఎవరికీ కొదువ లేకపోవడానికి కారణం వాళ్లందరూ ధనవంతులు కావడం కాదు. తమకున్నది తమది కాదనుకున్నారు (అపొస్తలుల కార్యములు 4:32-34). మనం విలువ పెట్టి కొనబడినవాళ్లమైతే మన జేబు కూడా కొనబడినట్టే.

నేను ఫలానా అయ్యగారివాణ్ని

సూర్యాపేట నుంచి కోదాడ దాకా హైవే పొడుగునా ఎన్ని సంఘాల బోర్డులు కనిపిస్తాయో! బాప్టిస్టులు, సీఎస్ఐ, పెంతెకొస్తు, బ్రదరెన్, ఇంకా ఎన్నో స్వతంత్ర సంఘాలు. సువార్త ఇంతమంది నోట వినిపించడం సంతోషమే. బాధ ఎక్కడంటే, ఒక వీధిలో ఉన్న రెండు సంఘాల విశ్వాసులు ఎదురుపడితే ‘వందనాలు’ చెప్పుకోవడానికి కూడా జంకుతున్నారు. ‘మీది ఏ సంఘం?’ అన్నది ఇప్పుడు మన మధ్య కొత్త ‘మీరేమోళ్లు?’ అయిపోయింది.

కొరింథు సంఘంలో ఇదే జరిగింది. ఒకరు పౌలువాణ్నన్నారు, ఒకరు అపొల్లోవాణ్నన్నారు, ఇంకొకరు కేఫావాణ్నన్నారు. క్రీస్తువాణ్నని గొప్పగా చెప్పుకుని మిగతావాళ్లను చిన్నచూపు చూసినవాళ్లు కూడా ఉన్నారు. పౌలు ఇచ్చిన జవాబు అద్భుతం. మీరు పౌలుకు చెందలేదు, పౌలే మీకు చెందాడు, అపొల్లో మీకు చెందాడు, లోకం, జీవితం, మరణం అన్నీ మీవే, మీరు మాత్రం క్రీస్తువారు అన్న భావంతో రాశాడు (1 కొరింథీ 3:21-23). అయ్యగారు సంఘానికి పరిచారకుడు. సంఘం అయ్యగారి ఆస్తి కాదు. తన మంద అని కాపరి అనుకోవచ్చు, కానీ మంద కోసం ప్రాణం పెట్టినవాడు ఒక్కడే.

పోలికల జబ్బుకు ప్రభువు పేతురు దగ్గర మందు ఇచ్చాడు. తిబెరియ సముద్రతీరాన తనను మూడుసార్లు ఎరగనన్న పేతురును క్షమించి, గొర్రెలను అప్పగించి, వెంబడించమన్నాడు. పేతురు వెంటనే వెనక్కి తిరిగి యోహానును చూసి, ఇతని సంగతేమిటని అడిగాడు. అతని సంగతి నీకెందుకు, నువ్వు నన్ను వెంబడించు అన్నట్టుగా ప్రభువు బదులిచ్చాడు (యోహాను 21:21-22). పక్క సంఘంలో ఎంతమంది చేరారు, వాళ్ల అయ్యగారికి ఏ కారుంది, వాళ్ల టీవీ ప్రసంగం ఎన్ని గంటలకు అన్నవన్నీ పేతురు ప్రశ్నలే. వెనక్కి చూస్తూ ముందు నడిచేవాణ్ని వెంబడించడం కుదరదు.

బస్తా మీద మార్కా, బస్తాలో గింజ

మిర్యాలగూడ రైసుమిల్లుల బియ్యం బస్తాల మీద రంగురంగుల మార్కాలు ఉంటాయి. కానీ వడ్లు కొనుగోలు కేంద్రానికి వెళ్లినప్పుడు మార్కా ఎవరూ చూడరు. గుప్పెడు గింజలు తీసి తేమ కొలుస్తారు. 17 శాతం మించితే ఆరబెట్టుకు రమ్మంటారు. తాలు ఎంత, మట్టి ఎంత అని చూస్తారు. రైతు ఎంత కష్టజీవి అయినా, ఎంత పెద్ద మనిషి అయినా గింజే మాట్లాడుతుంది.

ఆటో అద్దం మీద వాక్యం, ఇంటి గుమ్మం మీద సిలువ, పేరు చివర కొత్త నిబంధన పేరు ఇవన్నీ బస్తా మీద మార్కాలు. మంచివే. యెహోవావాణ్నని చేతి మీద రాసుకునేవాడి గురించి యెషయా కూడా చెప్పాడు (యెషయా 44:5). కానీ ‘ప్రభువా, ప్రభువా’ అని పిలిచినవాళ్లందరినీ తన రాజ్యంలోకి రానివ్వనని, తండ్రి చిత్తం చేసినవాళ్లనే రానిస్తానని యేసుప్రభువు కొండ మీది ప్రసంగంలో స్పష్టంగా చెప్పాడు (మత్తయి 7:21-23). ఆ రోజున ఆయన కూడా గుప్పెడు గింజలు తీసి చూస్తాడు.

గింజ సోమవారం తెలుస్తుంది. కిరాణా కొట్టులో తూకం దగ్గర తెలుస్తుంది. కూలి ఇచ్చేటప్పుడు తెలుస్తుంది. తాగి వచ్చిన రాత్రి భార్య మీద లేచిన చెయ్యి తెలియజేస్తుంది. కట్నం అడిగేటప్పుడు ‘మేం అడగం, మీ ఇష్టం’ అన్న గొంతులో తెలుస్తుంది. ఎన్నికల ముందురోజు రాత్రి తలుపు తట్టి ఇచ్చిన నోటును తీసుకున్నామా, తిప్పి పంపామా అన్నదాంట్లో తెలుస్తుంది.

మన పొరుగునే ఉన్న దోర్నకల్ దీనికి సాక్ష్యం. 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య 1945లో కన్నుమూసేవరకు దోర్నకల్ పల్లెల్లోనే తిరిగాడు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అని పౌలు చెప్పిన మాటను (1 కొరింథీ 9:16) చెప్పించేవాడని ఆయన గురించి చెబుతారు. బాప్తిస్మపు నీళ్లు ఆరకముందే ‘నేను ఎవరివాణ్ని’ అన్నదానితోపాటు ‘నేను ఏం చెయ్యాలి’ అన్నది కూడా ఆ పామరుడి నోట పలికేది. మాల, మాదిగ వాడల్లో తాగుడు తగ్గడం, ఇళ్లు శుభ్రపడడం, మాట మీద నిలబడడం చూసి ఆ ఊళ్ల ఇతర కులాలవాళ్లు కూడా ఈ దేవుడెవరని విచారించారు. చదువురాని కూలీలు బోధించింది తక్కువ, బతికి చూపింది ఎక్కువ. అంటరానివాళ్లని దూరం పెట్టినవాళ్లే వాళ్లను చూసి చర్చి గుమ్మం తొక్కారంటే, వెంబడించడం అన్నదానికి ఇంతకన్నా వ్యాఖ్యానం ఏం కావాలి?

ఆ ప్రశ్న మళ్లీ వస్తుంది

ప్రియులారా, వెంబడించడంలో మనం రోజూ తప్పిపోతాం. పేతురే తప్పిపోయాడు. అందుకే చెందడం ముందు అని పౌలు చెప్పిన వరుస మనకు ఓదార్పు. తడబడ్డ కొడుకును తండ్రి ఇంట్లోంచి వెళ్లగొట్టడు, లేపి నడిపిస్తాడు. తనవాళ్లెవరో ప్రభువుకు తెలుసు. అయితే ఆయన నామం ఒప్పుకునే ప్రతివాడూ దుర్నీతి నుంచి తొలగిపోవాలన్నది కూడా అదే వచనంలో ఉంది (2 తిమోతి 2:19). ఆ రెండింటినీ విడదీయకూడదు. మొదటిది మాత్రమే పట్టుకుంటే సోమరులమవుతాం. రెండోది మాత్రమే పట్టుకుంటే ఆశ వదులుకుంటాం.

ఈ వారం ఒక చిన్న పని చేద్దాం. ఇంట్లో పిల్లల పక్కన కూర్చుని, మనం ఎవరివాళ్లమో వాళ్లకు చెబుదాం. కులం పేరు చెప్పొద్దు, సంఘం పేరు కూడా చెప్పొద్దు. మన తాతకో, అవ్వకో ప్రభువు రొట్టె పెట్టి ప్రాణం నిలబెట్టిన రోజు గురించి చెబుదాం. తర్వాత వీధి చివర ఉన్న పక్క సంఘం కుటుంబానికి వందనాలు చెప్పి, ఒక పూట భోజనానికి పిలుద్దాం.

బస్టాండులో పెద్దవ్వ మళ్లీ కనిపిస్తుంది. ఏ ఊరని అడిగితే ఊరు చెబుదాం, అందులో సిగ్గు లేదు. ఎవరోళ్ల పిల్లవని అడిగితే నాన్న పేరు చెబుదాం, అది గౌరవం. మూడో ప్రశ్న అడిగినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి, ‘యేసయ్యోళ్లం అవ్వా’ అని చెబుదాం. అప్పుడు ఆమె మన ముఖంలోకి ఒకసారి చూస్తుంది. పక్కన ఉన్న సంచీ మోయలేక ఆమె ఆయాసపడుతుంటే, బస్సు వచ్చినప్పుడు ఆ సంచీ మన చేతిలో ఉంటుందో లేదో కూడా చూస్తుంది.